పొంగని బొగ్గు

కార్బన్ ఫ్యాక్టరీ సెక్యూరిటీ ఆఫీసర్ పై అంతస్తులో ఈల వేసుకుంటూ లిఫ్టెక్కాడు. కింద తలుపు తెరుచుకునేసరికి గోడకి చేరగిలబడి ఉన్నాడు. ప్రాణం లేదు. మెడలో సన్నటి సూది.

"విషం," అన్నాడు ఇంటెలిజెన్స్ చీఫ్, ఫొటోని బల్ల మీద తోస్తూ. "విదేశీ ముఠా పని."

ఎదురుగా కూర్చున్న ఏజెంటుకి డిపార్ట్‌మెంట్‌లో పిచ్చుక అని పేరు. ఎక్కడ వాలినా ఎవరూ పట్టించుకోరు.

"బొగ్గు కోసం మర్డరా సార్?"

"మామూలు బొగ్గు కాదు. కొబ్బరి చిప్పలు కాల్చిన బొగ్గుని కొలిమిలో ఆవిరితో మళ్లీ కాలుస్తారు. ఒళ్లంతా కంటికి కనపడని రంధ్రాలు పడతాయి. అది యాక్టివేటెడ్ కార్బన్. వీళ్ల కెమిస్టు దానికి ఇంకో ట్రీట్‌మెంట్ చేసి మరింత పదును పెట్టాడు. కిడ్నీ రోగులకి డయాలసిస్ చేసే నీళ్లలో క్లోరిన్ మందు చుక్క మిగిలినా రక్తం విరిగిపోతుంది. ఈ కార్బన్ దాన్ని మిగలనివ్వదు. ఆ ఫార్ములా బయటికి పోతోందని నెమలి చెప్తోంది."

నెమలి వాళ్ల ఏజెంటే. ముఠాలో చేరినట్టు నటిస్తూ, ఫ్యాక్టరీలో పర్చేజ్ మేనేజరుగా ఉంటోంది.

"ఆవిడకి కెమిస్టు మీద అనుమానం. నువ్వు ల్యాబ్ అసిస్టెంటువి. వెళ్లు."

ఫ్యాక్టరీ క్యాంటీన్లో అందరి తలలూ ఒకే వైపు తిరిగి ఉన్నాయి. అక్కడ గ్రే సూటులో, ముత్యాల దుద్దులతో ఒకావిడ కాఫీ తాగుతోంది.

"వాన పడేలా ఉంది," అన్నాడు పిచ్చుక, ముందే అనుకున్న సంకేతంగా.

"నా గొడుగు పాతది," అంది నెమలి పెదవి కదపకుండా. "కెమిస్టుని వదలకు."

నిజానికి కెమిస్టే అతన్ని వదల్లేదు. "ఒక్కడివే ఉంటున్నావా తమ్ముడూ? హోటల్ తిండితో పొట్ట పాడు చేసుకుంటావా?" అని మొదటిరోజే ఇంటికి లాక్కెళ్లాడు. ఆ మనిషి గోళ్ల సందుల్లో ఎంత రుద్దినా వదలని నలుపు. వాళ్లావిడ అప్పటికప్పుడు పిచ్చుకకి వదినైపోయింది. అతను కడుపునిండా తిని, చెయ్యి కడుక్కుని, వాళ్లు చూడకుండా టెలిఫోన్లో మైక్రోఫోను అమర్చాడు.

"మొహమాటపడకు, మళ్లీ రావాలి," అంది వదిన వాకిలి దాకా వచ్చి.

గుండీలో దాచిన కెమెరాకి చివరికి పని దొరికింది. నెమలి చెప్పిన హోటల్లోనే, చెప్పిన వేళకే, కెమిస్టు ఒక విదేశీయుడికి నల్లపొడి ప్యాకెట్ అందించాడు. ఇంత తేలిగ్గా దొరికాడేమిటని పిచ్చుకకి అనిపించింది. అన్నయ్యా, ఏమిటది అని అడిగితే తేలిపోయేది. కానీ అడగాలంటే ఆ మొహంలోకి చూడాలి. రిపోర్టు పంపడమే సులువు. పంపాడు.

మర్నాడు ఇంటరాగేషన్ గదిలోకి పిచ్చుక అడుగుపెట్టగానే కెమిస్టు గాభరాగా లేచాడు. "నిన్ను కూడా పట్టుకొచ్చారా తమ్ముడూ! సార్, ఈ కుర్రాడికేం తెలీదు. వదిలేయండి."

"ఇతను మావాడు," అన్నాడు చీఫ్.

కెమిస్టు మెల్లగా కూర్చున్నాడు. తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది పిచ్చుకకి.

"అది శాంపిల్. బయ్యరుకి ఇమ్మన్నది పర్చేజ్ మేడమే," అన్నాడు కెమిస్టు చీఫ్ వైపు తిరిగి. అంతలోనే ఉలిక్కిపడ్డాడు. "ఇవాళ ఆసుపత్రికి లోడు వెళ్లాలి. నేను పరీక్ష చేసి సంతకం పెట్టందే గేటు దాటదు. నేను లేకపోతే... ఆవిడే పెడుతుంది."

పిచ్చుకకి అప్పుడర్థమైంది. నెమలి నిజంగానే ముఠా మనిషి. ముఠాకి ఫార్ములా అక్కర్లేదు. నకిలీ సరుకుతో నాలుగు ప్రాణాలు పోతే చాలు, ఆ కార్బన్‌ని ఇక ఎవరూ కొనరు, ముఠా సరుకే కొంటారు. దానికి కెమిస్టు అడ్డు తొలగాలి. తొలగించింది తన రిపోర్టే.

ఆసుపత్రి వాటర్ రూములో రెండు పెద్ద స్టీలు ట్యాంకులు. కొత్త కార్బన్ నింపేసి, టెక్నీషియన్ మోటారు స్విచ్ మీద చెయ్యి వేశాడు.

"ఆపు! నకిలీ సరుకు!" అని అరుస్తూ పిచ్చుక లోపలికి దూసుకొచ్చాడు.

"రెండూ ఆపితే ఎలా సార్? వార్డులో ఒకాయనకి ఊపిరాడట్లేదు. వెంటనే మెషినెక్కించాలి!"

"నీళ్లు పరీక్ష చేసే స్ట్రిప్స్ ఏవీ?"

"కొత్తవి ఇస్తానని మేడమ్ పట్టుకెళ్లారు."

మేడమ్ తలుపు దగ్గరే నిలబడి ఉంది. డాక్టరు కోటు, సైలెన్సర్ బిగించిన పిస్టల్. "సెక్యూరిటీవాడు నకిలీ బస్తాలు చూశాడు, పోయాడు. నీకెందుకయ్యా ఇదంతా?"

పిచ్చుక వంగి, పక్కనున్న బస్తాలోంచి గుప్పెడు పొడి ఆమె కళ్లలో కొట్టాడు. గుండు పైకప్పులోకి దూసుకుపోయింది. మరుక్షణం ఆమె చేతులకి బేడీలు పడ్డాయి.

"ఏ ట్యాంకులో నకిలీ?"

"సగం లోడే మార్చగలిగాం," దగ్గుతూనే నవ్వింది నెమలి. "ఎడమదనుకుంటా. కుడిదేమో మరి!"

పిచ్చుక చీఫ్‌కి ఫోన్ చేశాడు. "కెమిస్టుకివ్వండి... అన్నయ్యా!"

కెమిస్టు ఫోనందుకున్నాడు. "ఆ పిలుపు సంగతి తర్వాత. ఏం కావాలి?"

చెప్పాడు.

"పుండ్లు కడిగే హైడ్రోజన్ పెరాక్సైడ్ ఉంటుంది, తెప్పించు. రెండు ట్యాంకుల్లోంచీ చెరో గుప్పెడు కార్బన్ తీసి, రెండు గిన్నెల్లో వేసి, మీద అది పొయ్యి. మనది పాలు పొంగినట్టు పొంగుతుంది. పొంగనిది వట్టి బొగ్గు."

"నీళ్లేవీ?" వార్డులోంచి నర్సు అరుపు.

ఎడమ గిన్నెలో నాలుగు బుడగలు లేచి ఊరుకున్నాయి. కుడి గిన్నె బుస్సున పొంగి పొర్లింది. గిన్నె వేడెక్కి, పట్టుకున్న వేళ్లు చురుక్కుమన్నాయి. పిచ్చుక ఎడమ వాల్వు బిగించాడు. "కుడిది వదులు!" మోటారు తిరిగింది.

మధ్యాహ్నానికి రోగి ఊపిరి కుదుటపడింది. చీఫ్ మెడల్ మాటెత్తితే పిచ్చుక వినిపించుకోలేదు. సాయంత్రం కెమిస్టు ఇంటి తలుపు తట్టాడు. వదిన తీసి, చూసి, లోపలికెళ్లిపోయింది. కెమిస్టు వచ్చాడు.

"క్షమించమని అడిగే మొహం లేదు నాకు," అన్నాడు పిచ్చుక.

"లేదు," అన్నాడు కెమిస్టు. "పొద్దున మీ వదిన నాకోసం ఏడవలేదు, తెలుసా? నేను తప్పు చెయ్యలేదు, వచ్చేస్తానని ధైర్యం. ఆ పిల్లాణ్ణి కూడా పట్టుకెళ్లి ఉంటారు, వాడికి ఎవరూ లేరు అని ఏడ్చింది."

పిచ్చుక తల దించుకున్నాడు. వెనక్కి తిరగబోతుంటే కెమిస్టు గొంతు ఆపింది.

"ఇంతకీ నీ అసలు పేరేంటి?"

బయటివాళ్లకి అసలు పేరు చెప్పడం డిపార్ట్‌మెంట్ రూల్స్ ప్రకారం ఉద్యోగం ఊడే నేరం. పిచ్చుక చెప్పేశాడు. ఈ కేసు మొత్తంలో అతని మనసుని గుచ్చని నేరం అదొక్కటే.