మైనస్ పద్దెనిమిదిలో అక్కయ్య

"ఆమె మన మనిషా, వాళ్ళ మనిషా? నాలుగింటిలోగా తేల్చు."

చీఫ్ ఫైలు తోశాడు. ఏజెంట్ ముంగి తెరిచాడు. గుచ్చి గుచ్చి అడిగినా నోట్లోంచి మాట రాదు కాబట్టి డిపార్ట్‌మెంట్ అతనికి పెట్టిన పేరది.

ఫోటోలో ఎర్ర లిప్‌స్టిక్, నల్ల శాలువా, చూడగానే కష్టాలన్నీ చెప్పుకోవాలనిపించే కళ్ళు. కోడ్‌నేమ్ అక్కయ్య. విదేశీ ముఠాలో ఉంటూ రెండేళ్ళుగా మనకు సమాచారం పంపుతున్న డబుల్ ఏజెంట్.

"ఎదుటివాడి బాధ చూస్తే కరిగిపోతుంది. అందుకే అందరూ ఆమె దగ్గర నోరు విప్పుతారు," అన్నాడు చీఫ్.

"నటనా సార్?"

"నటనైతే నాకు భయమెందుకు? నిజంగానే కరుగుతుంది. అదే వచ్చిన చిక్కు."

శత్రువుల కోడ్లు ఛేదించిన లెక్కల టీచరమ్మ నాలుగింటికి కారులో బయలుదేరుతుంది. ఆమెను చంపాలని ముఠా కాచుకుని ఉంది. అక్కయ్య మన మనిషైతే ముంగి ఆమెకు కారు వెళ్ళే అసలు దారి చెప్పాలి. ముఠాను ఆమె పక్కదారి పట్టిస్తుంది. కాకపోతే "పాత వంతెన" అనాలి. అక్కడ మన కమాండోలు మాటు వేసి ఉంటారు.

మూడుంబావుకి ముంగి ఆమెను కలవడానికి ఫ్రిజ్ మెకానిక్ వేషంలో మందుల గోడౌన్‌కి వెళ్ళి కోల్డ్ రూమ్‌లో అడుగుపెట్టాడు.

"కంప్రెసర్ దగ్గుతోందా?" అంది లోపలున్న అక్కయ్య.

"గురక పెడుతోంది."

కోడ్ కుదిరింది. అంతలో వెనక తలుపు ధడేల్మని మూసుకుంది. లోపలి హ్యాండిల్ ఉండాల్సిన చోట నాలుగు స్క్రూ కన్నాలు మిగిలాయి. మీటరు మైనస్ పద్దెనిమిది చూపిస్తోంది.

"మనల్ని కనిపెట్టేశారు," అంది అక్కయ్య.

ముంగి స్పానరుతో తలుపు బాదాడు. చేతులు కొయ్యబారాయి గానీ తలుపు చలించలేదు. ఈ అట్టపెట్టెల మధ్యే చస్తానని మొదటిసారి భయం వేసింది. అక్కయ్య తన శాలువా తీసి అతని భుజాలకు చుట్టి, తను గజగజ వణికింది.

"ఇంట్లో ఎవరున్నారు తమ్ముడూ?"

పదేళ్ళ సర్వీసులో ఎవరూ అడగని ప్రశ్న అది.

"చెల్లెలు. దానికి వినబడదు. నా పెదాలు చూసి అర్థం చేసుకుంటుంది."

"అయితే లోకంలో నువ్వు వాగేది ఒక్క ఆమెతోనే అన్నమాట!"

ముంగి నవ్వాడు. నవ్వుతూనే ఏడ్చాడు. ఇన్నాళ్ళూ బిగబట్టుకున్నదంతా వదులైపోయింది.

మూడూ యాభై. అక్కయ్య జుట్టులోంచి క్లిప్పు తీసింది. ట్రాన్స్‌మిటర్.

"బ్యాటరీ ఒక్క మెసేజ్‌కే సరిపోతుంది. దారి చెప్పు. టీచరమ్మను మనం కాపాడుకుందాం. తర్వాత మనల్ని మనవాళ్ళే వెతుక్కుంటారు."

"చెబుతానక్కా. స్టేషన్ వెనక..." అతని పళ్ళు టకటకలాడాయి.

అక్కయ్య కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "చెల్లెలి గురించి బెంగపడకు తమ్ముడూ. మేం చూసుకుంటాం."

మేం.

ఇందాకటి నుంచీ మాటకు ముందు మనం, మాటకు వెనక మనవాళ్ళు. ఇప్పుడు మేం. ఆ మేంలో ముంగి లేడు. పోబోయేవాణ్ని లెక్కలోకి ఎవరు తీసుకుంటారు? ఆ కన్నీళ్ళు దొంగవైతే మాట జారేది కాదు.

"స్టేషన్ వెనక... పాత వంతెన," అన్నాడు ముంగి.

ఆమె క్లిప్పులో ఆ రెండు మాటలూ చెప్పి, గోడను మూడుసార్లు తట్టింది. బయటి కాపలావాడు తలుపు తెరిచాడు.

"క్షమించు," అంటూ గడప దాటి, ఒక్కసారి వెనక్కి చూసింది. అతని మొహంలో భయం లేదు. మనసులు చదవడమే ఆమె విద్య, అర్థమైపోయింది. చెయ్యి క్లిప్పు మీదికి వెళ్ళింది. బ్యాటరీ నిక్షేపంగా ఉంది!

ముంగి ముందుకు దూకి, మూసుకోబోతున్న తలుపు సందులో స్పానర్ ఇరికించాడు. కాపలావాణ్ని తలుపుతోనే ఒక్క తోపు తోసి, శాలువా ఆమె తల మీదుగా విసిరి చేతులతో సహా చుట్టేశాడు. క్లిప్పు నేల మీద పడింది. మూడూ యాభై తొమ్మిది.

అయిదింటికి టీచరమ్మ క్షేమంగా చేరింది. వంతెన దగ్గర ముఠా మొత్తం దొరికింది. బేడీలతో వెళ్తూ అక్కయ్య, "చేతులకు కాపడం పెట్టుకో తమ్ముడూ," అంది. నిజంగానే అంది.

చీఫ్ పెన్ను తీశాడు. "రిపోర్టులో ఏం రాయను? మన మనిషేనా?"

ముంగి శాలువా దగ్గరికి లాక్కున్నాడు.

"మనిషే సార్. 'మన' ఒక్కటి కొట్టేయండి."