సబ్బవరంలో తిరగని ఇంజిన్

మద్దిలపాలెం జంక్షన్‌లో చెప్పుల దుకాణం పైన డిటెక్టివ్ కామరాజు ఆఫీసు. ఆ గుమ్మం దగ్గర అరవై ఏళ్ల ఆవిడ లోపలికి రావాలా, వెనక్కి పోవాలా అని నిలబడిపోయింది. కామరాజు సహాయకురాలు నీలిమ ఆమెను చేయి పట్టుకుని తీసుకొచ్చి కూర్చోబెట్టింది.

"పోలీసులకి సెప్పరు గదా బాబూ?" అన్నది ఆమె ముందుగా.

"మీరు చెప్పమంటే తప్ప చెప్పను" అన్నాడు కామరాజు. "ఎవరి గురించి మీ భయం?"

"నా తమ్ముడి గురించి."

ఆమె పేరు జయశీల, ఇల్లు మధురవాడ. భర్త దయానందం పాత వ్యాన్‌లో బడిపిల్లల్ని తిప్పేవాడు. నిరుడు ఒక మధ్యాహ్నం పిల్లలందరినీ ఇళ్ల దగ్గర దింపేసి, తన ఇంటిముందు బండి ఆపి, స్టీరింగ్ మీద తల వాల్చి అలాగే ప్రాణం విడిచాడు. ఉప్పుగాలికి బండి బాడీ చివికిపోయింది గాని ఇంజిన్ గట్టిగానే ఉంది. అమ్ముతానని జయశీల ఫోన్‌లో ప్రకటన పెడితే సబ్బవరం రైతు వరహాలు వచ్చాడు. కూరగాయలు వేసుకొచ్చే అతని వ్యాన్ కూడా అదే రకం. దాని ఇంజిన్ పాడైంది.

"ఏదీ దాయలేదు బాబూ. పొద్దున్నపూట ఒక పట్టాన అందుకోదని సెప్పాను. ఆయిల్ కొంచెం తాగుతాదన్నాను. ఆయన అందులోనే పోయారని కూడా సెప్పేసాను. రేపెప్పుడో తెలిస్తే మోసం అనుకుంటారు గదా. స్టార్ట్ సేసి వినిపిస్తే బాగుందన్నాడు."

ఇంజిన్‌ని బండిలోంచి దింపినవాడు ఆమె తమ్ముడు జాక్సన్, కంచరపాలెంలో మెకానిక్. ఒక రాత్రి తన షెడ్డులో ఉంచి, మర్నాడు సబ్బవరం చేర్చాడు. ఆ మరుసటి ఉదయం అక్కడి మెకానిక్ బిగించి తిప్పబోతే అది కదల్లేదు. పైన చెక్కిన ఇంజిన్ నంబరు మాత్రం అదే. లోపలి మంచి సామాను కాజేసి పాడైంది పెట్టి ఇచ్చారని వరహాలు ఫోన్‌లో కేకలు.

"మీకేమనిపిస్తోంది?" అడిగాడు కామరాజు.

జయశీల కొంగు వేలికి చుట్టుకుంది. "ఆడి షెడ్డు సరిగ్గా నడవట్లేదు. బుద్ధి గడ్డి తిందేమో. ఆయన పోయేక నాకు మిగిలింది ఆడొక్కడే. ఆడే సేసుంటే, ఇక ఆడూ పోయినట్టే బాబూ."

ఆ సాయంత్రమే కామరాజు, నీలిమ కంచరపాలెం వెళ్లారు. జాక్సన్ కారు కిందనుంచి పాక్కుంటూ బయటికొచ్చాడు.

"నా సేత్తో తిప్పితే తిరిగింది సార్. గాలి పీల్చే మూతికి నా పాత లుంగీ గుడ్డ కట్టి మరీ దింపేను, ఇసక పడకుండా. నీలం గళ్లది."

"షెడ్డులో ఉన్నప్పుడు ఇంకెవరైనా ముట్టుకున్నారా?"

"ఎవడు ముడతాడు? రాత్రి దాని పక్కనే పడుకున్నాను."

"ఎందుకు?"

జాక్సన్ తల దించుకున్నాడు. "మా బావది గదా సార్."

మర్నాడు సబ్బవరంలో వరహాలు వాళ్లని వ్యాన్ దగ్గరికి తీసుకెళ్లాడు. ఇంజిన్ మీద కుంకుమ బొట్లున్నాయి.

"కొత్తగా ఇంటికొచ్చింది, బొట్టెట్టకుండా ఎలగ?" అన్నాడు వరహాలు.

"వచ్చినప్పుడు మూతికి గుడ్డ కట్టి ఉందా?"

"సాయంత్రం అరుగు మీద దింపించి నాను సంతకెల్లిపోనాను. తెల్లారి మెకానిక్ వచ్చేతలికి గుడ్డా నేదు, గిడ్డా నేదు."

కామరాజు ఒక బోల్టు సందులో వేలు పెట్టి తీశాడు. వేలికి అంటిన పచ్చని మరకను రుమాలుకి తుడుచుకున్నాడు. పెరట్లో తీగ మీద చీరల పక్కన నీలం గళ్ల గుడ్డ ఉతికి ఆరేసి ఉండటం నీలిమ గమనించింది. వరహాలు తల్లి నారాయణమ్మ మజ్జిగ ఇస్తూ నీలిమను మెల్లిగా అడిగింది.

"ఆ బాబు ఆ బండిలోనే పోనాడట గదమ్మా. బాధపడ్డాడా, సల్లగా పోనాడా?"

తిరుగు దారిలో నీలిమ ఆగలేకపోయింది. "గుడ్డ దొరికింది సార్. అయితే ఎవరో విప్పి లోపలి సామాను మార్చారన్నమాటేగా?"

"రేపు అందర్నీ వరహాలు ఇంటికే రమ్మను. జాక్సన్‌ని స్పానర్లు తెచ్చుకోమను" అని మాత్రం అన్నాడు కామరాజు.

మర్నాడు అందరూ వ్యాన్ చుట్టూ చేరారు. జయశీల తమ్ముడి వైపు చూడకుండా నిలబడింది.

"జాక్సన్, ప్లగ్గులు విప్పి ఇప్పుడు తిప్పు."

జాక్సన్ ప్లగ్గులు విప్పి, స్పానరుతో బలంగా తిప్పాడు. ఒక రంధ్రంలోంచి పచ్చటి నీళ్లు చివ్వున ఎగజిమ్మి గోడ మీద పడ్డాయి. ఇంజిన్ చక్కగా తిరిగింది.

"పసుపునీళ్లు" అన్నాడు కామరాజు. "గాలిని నొక్కితే అణుగుతుంది. నీళ్లు అణగవు. పిస్టన్ పైకి రాలేక బిగుసుకుంది. లోపలి సామాను ఎవరూ ముట్టలేదు. మూతికి గుడ్డ ఉంటే నీళ్లు ఇంతగా దిగేవి కావు. విప్పినవారు దొంగలైతే గుడ్డని పారేసేవారు. ఇక్కడ ఉతికి ఆరేశారు. భర్త బండిలోనే పోయారని జయశీలగారు దాచకుండా చెప్పిన మాటే ఈ ఇంట్లో ఒకరికి దిగులు పెట్టింది. ఆయన చల్లగా పోయారా అని నిన్న నీలిమను అడిగింది మీరే. గుడ్డ ఎందుకు విప్పారు నారాయణమ్మగారూ?"

ముసలామె కొడుకు వెనక్కి జరిగింది. "సచ్చిపోనోళ్లకి దవడ కట్టినట్టుంది నాయినా. సూడ్లేక ఇప్పేసినాను. ఆ బాబు ఇంకా అందులోనే ఉండిపోనాడేమోనని పసుపునీళ్లు పోసి, 'నీ పనైపోనాది నాయినా, సల్లగా ఎల్లిరా' అన్నాను. ఇంజినుకి నీళ్లు పడవని నాకేటి తెల్సు? సెప్తే ఈడు నన్ను తినేత్తాడని ఊరుకున్నాను."

వరహాలు జయశీల ముందు చేతులు జోడించాడు. "తప్పైపోనాదమ్మా. శానా మాటలన్నాను."

జయశీల అతని మాట విన్నట్టు లేదు. నారాయణమ్మ దగ్గరికి వెళ్లి ఆమె రెండు చేతులూ పట్టుకుంది. "బాధ పడలేదమ్మా ఆయన. సల్లగానే పోయారు. ఆ రోజు నాను వంటింట్లో ఉన్నాను. ఎల్లిరమ్మని నాకు సెప్పడానికి అవలేదు. మీరు సెప్పారు."

జాక్సన్ లోపలి నీళ్లు తీసి ఆరబెట్టి, ఆయిల్ మార్చాడు. మధ్యాహ్నానికి ఇంజిన్ అందుకుంది.

"గుడ్డ నేనే చూశాను. అసలు సంగతి ఎలా తప్పిపోయింది సార్ నాకు?" అంది నీలిమ.

"దొంగ కోసం చూశావు. నిన్నటిదాకా నేనూ అంతే" అన్నాడు కామరాజు.

జాక్సన్ చేతులు తుడుచుకుంటూ అక్క దగ్గరికొచ్చాడు. "ఈ డిటెక్టివ్ బాబుని ఎవరి మీద పెట్టేవక్కా?"

జయశీల అబద్ధం ఆడలేదు. "నీ మీదేరా."

అతను స్పానరుని అటూ ఇటూ తిప్పాడు. "ఎంతిచ్చేవేటి? అదేదో నాకిచ్చుంటే నానే ఒప్పేసుకుందును గదా."

ఆమె అతని భుజం మీద ఒక్కటి వేసింది. వేసిన చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

"రండమ్మా, మధురవాడలో దింపేస్తాం" అంటూ కామరాజు కారు తలుపు తీశాడు.

"వద్దు బాబూ. ఆడు దింపుతాడు."

"నానేటీ దింపను. నాకు బోల్డంత పనుంది" అంటూనే జాక్సన్ భుజం మీది తువ్వాలు తీసి, బైకు వెనక సీటు మీద దుమ్ము తుడవసాగాడు.