నిలువా, అడ్డమా?

"బాంబుకు బొగ్గు కాల్చిచ్చిన ఇంజనీరును పొద్దున్నే లిఫ్టులో కాల్చేశారు." ఇయర్‌ఫోన్‌లో చీఫ్ గొంతు. "బాంబు నువ్వున్న బిల్డింగులోనే ఉంది."

మెకానిక్ వేషంలో ఏజెంట్ ముంగిస బాయిలర్ రూములోకి దిగాడు. పైన శాంతి చర్చలు. అందులో దుబాసీ అతని సొంత అక్క.

వెనకే నల్ల సిల్కు గౌనులో వదిన వచ్చింది. అది ఆమె కోడ్‌నేమ్. శత్రు ముఠాలో మన మనిషి.

ఆవిరి గొట్టాన్ని ఆనుకుని ఉక్కుపెట్టె. దాని ముఖాన పిడికిలంత చెక్కబొగ్గు దిమ్మ, పక్కనే ఒక మీటరు. గడియారం లేదు.

"ఆ బొగ్గే టైమర్," అన్నాడు చీఫ్. "చల్లగా ఉంటే కరెంటును పోనివ్వదు. కాగేకొద్దీ దారిస్తుంది. లోపలంతా చిల్లులే, వేడి నత్తనడకన పాకుతుంది. మీటరు ముల్లు ఎర్రగీత తాకితే పేలుతుంది. పెట్టె కదిపినా పేలుతుంది. ఆవిరి ఆపేశాం, లాభం లేదు. ఎక్కిన వేడి చాలు."

ముల్లు గీతకు వేలెడు దూరంలో ఉంది.

"దిమ్మను కోసేస్తే?"

"కరెంటు చెక్క నార వెంట పరుగెడుతుంది. దానికి అడ్డంగా కొయ్యి. నార వెంట కోశావో, దండగ."

మసి కింద నార కనిపించడంలేదు.

"నిలువుగా కొయ్యి, మరిదీ!" వదిన తొందరపెట్టింది. "వాళ్లు బిగిస్తుంటే కళ్లారా చూశాను. నేను పైవాళ్లను ఖాళీ చేయిస్తా."

"ఇంత ఉక్కలోనూ లిప్‌స్టిక్ చెదరలేదు, వదినా!"

"బతికితే పొగుడుదువుగాని. కానీ!"

హీల్స్ చప్పుడు దూరమైంది. ముంగిస కరెంటు పారని పింగాణీ కత్తి తీశాడు. మొన ఆనించాడు. ఆగాడు.

వోల్ట్‌మీటరు సూదులు రెండూ పక్కపక్కన గుచ్చాడు. సున్నా. ఒకటి పైన, ఒకటి కింద గుచ్చాడు. అంకెలు లేచాయి.

కరెంటు నిలువునా దిగుతోంది. నిలువుగా కోస్తే అంతే సంగతులు.

"చీఫ్, వదిన పైకెళ్తే వదిలెయ్యండి. పెరటి తలుపు పట్టుకుంటే ఆపండి."

ముల్లు గీతకు వెంట్రుకవాసిలో ఉంది. అడ్డంగా కోశాడు. బొగ్గు కరకరలాడింది. కత్తి వెనక పలకను తాకింది. ముల్లు వణికి, సున్నాకు జారింది.

"పెరట్లో దొరికింది," అన్నాడు చీఫ్. "నిన్ను నోటికొచ్చినట్టు తిడుతోంది."

ముంగిస అక్కకు ఫోన్ చేశాడు.

"ఏంట్రా, మీటింగు మధ్యలో?" ఆమె గుసగుసలాడింది. "ఏం చేస్తున్నావ్?"

"కింద బాయిలర్ రూములో బొగ్గు కోశానక్కా."

"నీ బతుకంతా మసేనా! బ్రేకిస్తున్నారు, టీకి రా. ముందు చేతులు కడుక్కో. ఇక్కడంతా పెద్దమనుషులు."