తెల్ల ప్లస్ గుర్తు

చంద్రుడి మీది కాలనీలో ఇప్పుడు పిల్లల్ని కసిరేవాళ్ళు లేరు. లెక్కలైనా, ఈతైనా సహనబోధినే నేర్పుతుంది. మణికట్టుకు కట్టుకునే ఆ యంత్రం సెన్సర్లతో నాడి చూస్తుంది. నేర్చుకునే మనిషిలో విసుగు పెరిగేకొద్దీ గొంతు మెత్తన చేసుకుని మళ్ళీ చెబుతుంది. దాన్ని తయారుచేసిన డాక్టర్ త్రివేణి మాత్రం పొద్దుటి నుంచి భోజనాల బల్ల ముందు కూర్చుని పళ్ళు కొరుకుతోంది.

సహనబోధినిని పెద్దల బడులకూ ఇవ్వాలా వద్దా అన్నది సాయంత్రం కాలనీ మండలి తేలుస్తుంది. వద్దంటే ప్రయోగశాల మూతపడుతుంది. మండలి ఒకే షరతు పెట్టింది. ముఖాలు తిప్పుతూ రంగులు కలిపే క్యూబ్ ఎన్నడూ పట్టని త్రివేణి, దాని మొదటి దశను తన యంత్రం దగ్గరే నేర్చుకుని చూపించాలి.

క్యూబ్ ఒక ముఖం మీద తెల్ల ప్లస్ గుర్తు తేవాలి. తెచ్చింది కూడా.

"గుర్తు వచ్చిందండీ. పక్క రంగులే కుదరలేదు. తెల్లముక్క రెండో రంగు, ఆ పక్క నడిమి రంగుతో కలవాలి. పర్వాలేదండీ, మళ్ళీ చూద్దాం," అంది యంత్రం.

ఎర్రది సరిచేస్తే నీలం చెదిరింది. నీలం సరిచేస్తే తెలుపే పోయింది.

"పర్వాలేదండీ."

"నోర్ముయ్," అంది త్రివేణి.

"అలాగేనండీ. మీరు సిద్ధమైనప్పుడు చెప్పండి."

ఎదురుగా తోటకూర కాడలు తుంచుతున్న ఆడపడుచు విశాలాక్షి తలెత్తింది. "స్వెట్టరు అల్లుతానని ఒక చెయ్యి అల్లి వదిలేశావు. వీణ కొన్నావు, తీగలు తుప్పుపట్టాయి. దీన్నీ అవి ఉన్న అరలో పడెయ్యి, చోటుంది."

"మీ పని మీరు చూసుకోండి వదినా."

"నా పని అయిపోయింది. నీదే తెమలట్లేదు."

త్రివేణికి ఒళ్ళు మండింది. పొద్దుటి నుంచీ యంత్రం చెబుతూనే ఉంది: ముందు పసుపు నడిమిముక్క చుట్టూ నాలుగు తెల్లముక్కల్ని పువ్వులా పేర్చాలి, ఒక్కో ముక్క పక్కరంగును దాని నడిమి రంగుతో కలిపి, అప్పుడు ఆ పక్క ముఖాన్ని రెండుసార్లు తిప్పాలి. తప్పినా పర్వాలేదన్నాక ఆమె సరిగా వింటే గదా. ఇప్పుడు పువ్వు పేర్చింది. ప్రతి ముక్కనూ పక్కకు తిప్పి చూసుకుని మరీ కిందికి దించింది. నాలుగూ కుదిరాయి.

సాయంత్రం మండలి ముందు కూడా కుదిరాయి.

"యంత్రం చెప్పిన ఏ మాటతో ఈ విద్య పట్టుబడిందమ్మా?" అడిగాడు అధ్యక్షుడు భూషణరావు.

అబద్ధం నాలుక చివరిదాకా వచ్చి ఆగింది. "మా వదిన దెప్పిన మాటతోనండీ."

సభ నవ్వింది. భూషణరావు నవ్వలేదు. "అయితే ఆ దెప్పిపొడుపు కూడా యంత్రంలో పెట్టి తీసుకురండి. అనుమతి ఇస్తాం."

మర్నాడు విశాలాక్షి పట్టుచీర కట్టుకుని ప్రయోగశాలకు వచ్చింది. ఎవరో ముసలాయన క్యూబ్‌తో అవస్థ పడుతున్న దృశ్యం తెర మీద వేసి, మైకు ఆమె ముందు పెట్టారు.

"అనండి వదినా," అంది త్రివేణి.

విశాలాక్షి గొంతు సవరించుకుంది. "తొందరేం లేదు బాబాయిగారూ, నెమ్మదిగా చేసుకోండి. కాసిని మంచినీళ్ళు తాగండి."

"అది కాదు. నన్నన్నట్టు అనండి."

మళ్ళీ మొదలుపెట్టింది. ఈసారి ఇంకా తియ్యగా వచ్చింది. మధ్యాహ్నందాకా అంతే. త్రివేణి తల పట్టుకుంది.

"నన్ను మాత్రం అంత మాట ఎలా అన్నారు?"

విశాలాక్షి వింతగా చూసింది. "నువ్వు మా ఇంటిదానివి. ముక్కూమొహం తెలియనివాళ్ళు బాగుపడకపోతే నాకెందుకే కోపం?"

త్రివేణి మైకు ఆపేసింది.