టాంకో ఇంట్లో ఎర్రతోలు

మా కానో నగరం పాతబస్తీలో తోళ్లకు రంగులేసే వీధి చివర టాంకో ఇల్లుంది. పొద్దుగూకాక అటు మేకలు కూడా పోవు. మనుషుల సంగతి చెప్పక్కర్లేదు — పట్టపగలే అవతలి గోడను రాసుకుంటూ నడుస్తారు.

టాంకో రంగుకుండలో చేతులుండగానే ప్రాణం వదిలాడు. తోలు అంచుల్ని నున్నటి రాయితో రుద్ది రుద్ది మెరుగు తేవడంలో అతన్ని మించినవాడు మా వీధిలో పుట్టలేదు. పోయాక కూడా పని మానలేదని చెప్పుకుంటారు. రాత్రిళ్లు లోపల్నుంచి రాయి చప్పుడు వస్తుందట... ఎవరి పనైనా నచ్చకపోతే దాని మీద నల్లటి చెయ్యి వేసి పోతాడట.

నేను వీధి మొదట్లో, తాంబూలంలా నమిలే కోలా కాయలు అమ్ముకుంటాను. ఇప్పుడు చెప్పబోయే సంగతి నాకు తోలుపని చేసే బరావు చెప్పాడు. నా కాయలు ముందే ఊరికే నమిలేశాడు గనక, అబద్ధమాడి అతను సంపాదించేదేమీ లేదు.

ఆ ఏడు పండుగ వానల్లో వచ్చింది. పండుగనాడు రాజుగారి ముందు గుర్రాల ఊరేగింపు. సర్దారు ఇల్యా గుర్రానికి ఎర్రతోలు జీనుకప్పు బరావు ఇవ్వాలి. తాత నాటి నుంచీ ఆ ఇంటి పని వీళ్లదే. కిందటేడు మాత్రం, "అంచుల్లో మెరుగేదిరా? ఇంకోసారి ఇలా తెస్తే వేరేవాణ్ని చూసుకుంటా" అని సర్దారు నలుగురిలో అనేశాడు. ఆ మాట బరావుకు ఏడాది పొడుగునా గుచ్చుకుంటూనే ఉంది.

సరిగ్గా పండుగ ముందు సాయంత్రమే వానకు బరావు కొట్టు కప్పు కూలింది. జొన్నదంట్ల ఎర్రరంగు పట్టించిన తోలు ఇంకా తడిగా ఉంది. వాన తగలకుండా ఆరబెట్టడానికి వీధి మొత్తంలో ఖాళీగా ఉన్న చోటు ఒక్కటే.

తోలు భుజాన వేసుకుని వీధిలోనే నిలబడిపోయిన బరావును మేనమామ కూతురు దేలూ చూసింది. దేలూ కమ్మరి పెళ్లాం. మావాళ్లలో మేనబావను ఏడిపించకపోతే తప్పు.

"ఏం బావా, చచ్చినవాడికి భయమా? ముందు బతికున్న సర్దారుకు భయపడు."

"అయితే నువ్వే కాపలా ఉండవే!"

"నాకేం ఖర్మ! ఇదిగో, మా కొలిమి దగ్గరిది. పిడికిట్లోంచి వదలకు. ఇనుముంటే దెయ్యం దగ్గరికి రాదు."

తుప్పు పట్టిన గొలుసు ముక్క. బరావు దాన్ని బంగారంలా పుచ్చుకున్నాడు.

లోపల చీకటి. తోలును పలక మీద పరిచాడు. దీపం వెలిగిస్తే గాలికి ఆరిపోయింది. అంచుల మెరుగు పొద్దున్నే పెట్టుకుందాంలే అనుకుని గుమ్మంలో కూర్చున్నాడు — పిడికిట్లో ఇనుము, ఒళ్లంతా చెమట. కాసేపటికి ఇనుమును పళ్లమధ్య కరిచిపట్టుకుని చీకట్లో వెళ్లి, తోలు ఆరుతోందో లేదో అరచేత్తో చూసి, పరుగున గుమ్మంలోకి వచ్చి పడ్డాడు.

వాన ఆగింది. వీధి మాటు మణిగింది...

గర్ర్...

ఎలుక అనుకున్నాడు.

గర్ర్... గర్ర్... గర్ర్...

ఎలుకలు వరస తప్పకుండా రుద్దవు.

బరావు ఇనుముతో సహా వీధిలో పడ్డాడు. మసీదు అరుగు మీద ముడుచుకుని తనకొచ్చిన ప్రార్థనలన్నీ చదివాడు. అవి అయిపోతే మళ్లీ మొదలుపెట్టాడు.

తెల్లారాక దేలూను వెంటబెట్టుకుని వెళ్లాడు. ఎర్రతోలు నడిమధ్యన — నల్లటి చెయ్యి. ఐదు వేళ్లూ పడ్డాయి.

"నచ్చలేదు... టాంకోకి నా పని నచ్చలేదు. అయిపోయింది దేలూ, తాత నాటి పని నాతో పోయింది." బరావు కూలబడి ఏడ్చాడు. నిజంగానే ఏడ్చాడట, పాపం.

దేలూ తోలు చూసింది. బావను చూసింది.

"చెయ్యి చాపు."

అరచెయ్యంతా తుప్పు. ఆ చేతిని మచ్చ మీద పెట్టింది. వేలికి వేలు సరిపోయింది.

తుమ్మకాయల నీళ్లలో ఊరిన తోలుకు తడిమీద ఇనుము సోకితే నల్లబడుతుంది. మా వీధిలో పాలుతాగే పిల్లలక్కూడా తెలుసు. భయంలో బరావు మరిచిపోయాడు.

"నిన్ను మించిన దెయ్యం ఈ వీధిలో లేదు బావా!"

"నువ్విచ్చిన ఇనుమేగా!"

"పట్టుకోమన్నాను. పూయమన్నానా?"

ఏడిపిస్తూనే ఇంటికి పరిగెత్తి, ఇనుప చిట్టెం నానేసిన నల్లరంగు కుండ తెచ్చింది. తోలు మీద చెయ్యి మచ్చ కనబడకుండా దాని మీద గుండ్రటి నల్ల చందమామను దిద్దింది. ఇద్దరి కళ్లూ ఆ మచ్చ మీదే. అప్పటికే డప్పులు మొదలయ్యాయి, మెరుగు పెట్టే వ్యవధి లేదు. తోలు చుట్టుకుని, దేవుడి మీద భారం వేసి పరిగెత్తారు.

సర్దారు చందమామను చూసి తలాడించాడు. తరవాత అంచు వెంబడి బొటనవేలు పోనిచ్చాడు... ఆగాడు. మళ్లీ పోనిచ్చాడు.

"బరావూ..." గొంతు తగ్గించాడు. "టాంకో పోయాక ఇలాంటి మెరుగు చూడలేదురా. ఎవరు పెట్టారు?"

బరావు అప్పుడు చూశాడు. అంచు ఆ కొస నుంచి ఈ కొస దాకా మెరుస్తోంది. తను రాయి ముట్టుకోనే లేదు. దేలూ వైపు చూశాడు. దేలూ తల అడ్డంగా ఊపింది.

"నేనేనయ్యా," అన్నాడు బరావు.

పని నిలబడింది. కొట్టుకు గట్టి కప్పు వేయించుకున్నాడు. అయినా ఏటా పండుగ ముందు రాత్రి సర్దారు తోలును టాంకో ఇంట్లోనే ఆరబెడతాడు. అంచులు అలాగే వదిలేసి, పక్కన రెండు కోలా కాయలు పెట్టి వస్తాడు.

కాయలు నా దగ్గరే కొంటాడు. అటు వెళ్లేముందు నడుము కత్తి, తాళంచెవి, చివరికి చొక్కాకున్న పిన్నీసు కూడా తీసి నా బుట్టలో పడేసి వెళ్తాడు.