అక్క గదిలో కొబ్బరినూనె వాసన

"మా అక్క పోయి వారమైందండీ. రోజూ పొద్దున్నే తన గదిలోంచి తన తలనూనె వాసన వస్తోంది," అంది వచ్చినావిడ. చేతిలో గ్లాసు ఒరిగి నీళ్ళు ఒళ్ళో ఒలికినా చూసుకోలేదు.

శిష్యుడు మాస్టారి వంక చూశాడు. ఒకప్పుడు బళ్ళో సైన్సు చెప్పి, ఇప్పుడు జనం దాచిన నిజాలు తవ్వి తీసే ఆయనకు ముక్కు పనిచేయడం ఏనాడో మానేసింది. అలాంటాయన దగ్గరికే వాసన కేసు రావాలా అనుకున్నాడు పాపం.

"పోయిన రోజు ఆవిడ నూనె రాసుకున్నారా?" అడిగారు మాస్టారు.

"లేదండీ. షాంపూతో తలస్నానం చేసి, జుట్టు ఆరబోసుకుంటూ డాబా మీది గదికి వెళ్ళింది. అందుకే నాకు భయం."

ఆ గది నిండా అక్క పెంచే ఆర్కిడ్లు. మొక్కల దగ్గరున్నప్పుడు ఆమెను ఎవరూ కదిలించరు. మధ్యాహ్నం చెల్లెలు డాబా కడిగి, తడి తుడవకుండా కిందికి వచ్చేసింది. సాయంత్రం బావ ఊరినుంచి వచ్చి వెతికితే, పొట్టి పిట్టగోడ అవతల, వెనక మెట్లున్న సందులో పడి ఉంది అక్క.

"తడిలో జారిందన్నారు. నేనే చంపుకున్నానండీ. నామీద కోపంతోనే అక్క తిరుగుతోందట. ఇల్లు అమ్మేసి వెళ్ళిపోదామంటున్నాడు బావ."

"అమ్మడం మీ అక్కకు ఇష్టమేనా?"

"ససేమిరా అంది. మొక్కల్ని వదిలి రానంది."

మర్నాడు పొద్దున డాబా మీది గది తలుపు తీయగానే శిష్యుడి ఒళ్ళు జలదరించింది. గూట్లో దువ్వెన, మూల చెప్పులు, ఎవరో ఇప్పుడే జడ వేసుకుని లేచెళ్ళినట్టు కమ్మని కొబ్బరినూనె వాసన.

"నిలబడిపోయావేం? ఇవాళ నా ముక్కు నువ్వే," అన్నారు మాస్టారు.

వాసన పట్టుకుంటూ పోతే కిటికీలో, ఎండ పడేచోట, గడ్డి దుబ్బులాంటి మొక్క దగ్గర ఆగాడు. పువ్వన్నదే కనిపించలేదు. ఆకులు పాయ తీసి చూస్తే, మొదలు దగ్గర ముదురెరుపు పువ్వు ఒకటి నక్కి ఉంది. కొబ్బరినూనె వాసన దానిదే.

"అది పేరులేని మొక్కండీ," అంది చెల్లెలు విస్తుపోతూ. "పూస్తేగానీ ఏ జాతో తెలియదని అక్క ఏళ్ళ తరబడి ఎదురుచూసింది. మొగ్గ విచ్చుకునేలా ఉందని పోయిన రోజు పొద్దున మురిసిపోతూ పైకెళ్ళింది."

శిష్యుడికి ప్రాణం లేచొచ్చింది. "అయితే దెయ్యం లేదు, కేసూ లేదు."

"దెయ్యం లేదు," అన్నారు మాస్టారు. "నువ్వు మాత్రం పొద్దు పోయేదాకా ఇక్కడే కూర్చో. వాసన ఎప్పుడు పోతుందో చెప్పు."

కింద హాల్లో బావను, మొక్కల కోసం తరచూ వచ్చే నర్సరీ యజమానిని కూర్చోబెట్టి మాస్టారే ఆ రోజు సంగతి అడిగారు.

"నేను ఊరినుంచి దిగేసరికి సాయంత్రమైంది," అన్నాడు బావ. "గేటు దగ్గర ఈయన కలిస్తే ఇద్దరం పైకెళ్ళాం. తలుపు తీయగానే కొబ్బరినూనె వాసన గుప్పుమంది. ఇప్పుడే జడ వేసుకుని ఉంటుందని అన్నాను కూడా."

"అనడం నిజమే," అన్నాడు నర్సరీ యజమాని. "నాకైతే ఏ వాసనా రాలేదు. వాసన చూసి జాతి చెప్పడం నా వృత్తండీ."

"పరాయివాళ్ళకు రాదు. మా ఇద్దరికే తెలుస్తోంది."

"ఆ తర్వాత మీరు ఆ గదిలోకి వెళ్ళారా?"

"గుండె ఒప్పక మళ్ళీ గడప తొక్కలేదు."

మర్నాడు సాయంత్రం మాస్టారు అందరినీ పైగదిలో చేర్చారు. ఆయన పిలిపించిన ఇన్‌స్పెక్టర్ గుమ్మంలో నిలబడ్డాడు.

"వాసన వస్తోందా?"

అందరూ తల అడ్డంగా ఊపారు. బావ మాత్రం కళ్ళు మూసుకున్నాడు. "వస్తోంది. అదే వాసన."

"రాదు," అన్నారు మాస్టారు. "ఈ పువ్వు ఎండ తగిలినంతసేపే గుబాళిస్తుంది. నిన్న మావాడు పగలంతా కూర్చుని చూశాడు. ఎండ జారాక ఏమీ లేదు. ఆవిడ ఆ రోజు నూనె ముట్టలేదు. కాబట్టి మీకు తగిలింది ఈ పువ్వు వాసనే. ఆ పొద్దునే విచ్చుకున్న పువ్వు. ఆ పొద్దున మీరిక్కడ లేకపోతే ఆ వాసన మీకెలా తెలిసింది?"

బావ గుమ్మం వైపు చూశాడు.

"వెనక మెట్లెక్కి ఎవరి కంటా పడకుండా వచ్చారు. ఆ వాసన భార్య జడదే అనుకున్నారు. సాయంత్రం దాకా బతికే ఉందని నమ్మించడానికి ఆ మాట వాడుకున్నారు."

బావ ఆ మొక్క వైపు వేలు చూపించాడు. "ఇల్లు అమ్ముదామంటే వినిపించుకోదే. వెనక్కి తిరిగి మొక్కతో మాట్లాడుతూ కూర్చుంది. ఒళ్ళు మండి బయటికి లాక్కొచ్చి తోసేశాను."

మాస్టారు చెల్లెలి వైపు తిరిగారు. "అమ్మా, మీరు డాబా కడిగేసరికే అంతా అయిపోయింది. మీ తడికీ దీనికీ సంబంధం లేదు."

ఆమె గోడకు ఆనుకుని వెక్కి వెక్కి ఏడ్చింది.

ఇన్‌స్పెక్టర్ బావను తీసుకెళ్ళాక నర్సరీ యజమాని మొక్క చూసి, "పేరు చెప్పనామ్మా?" అన్నాడు. ఆమె వద్దంది. వంగి పువ్వు దగ్గర ముఖం పెట్టింది. ఊపిరి గట్టిగా పీల్చింది.

"ఏమీ లేదండీ," అంది చివరికి. "రావద్దే తల్లీ అని వారమంతా దండాలు పెట్టుకున్నాను. అక్క అసలు రానే లేదన్నమాట."

మాస్టారు కుండీని ఎత్తి, పొద్దుటెండ ముందుగా పడే మూలకు జరిపారు.

"రేపు ఎండ కాస్తుందంటారా?" అడిగింది ఆమె.

"కాస్తుందమ్మా. నాకా ముక్కు పనిచేయదు. మీ అక్క జడ వాసన ఎలా ఉంటుందో రేపు వచ్చి కూర్చుంటాను, మీరే చెప్పాలి."