చార్జర్ మీద కర్చీఫ్

న్యూజెర్సీలో ప్లెయిన్స్‌బరోలోని ఆ అపార్ట్‌మెంట్లలో ఎలక్ట్రిక్ కార్లు అరవై దాటాయి. చార్జర్లు రెండే. శనివారం పొద్దున గీతాంజలి తొమ్మిది శాతం బ్యాటరీతో వచ్చేసరికి, ఒకదానికి ఎవరిదో కారు తగిలించి ఉంది. రెండోదాని మీద నీలం గళ్ళ కర్చీఫ్ పరిచి ఉంది. ఆమెకు ఒళ్ళు మండిపోయింది.

ఎవరిదని అడగక్కర్లేదు. మూడో బ్లాక్ జితేందర్‌ది. ఆర్టీసీ బస్సు కిటికీలోంచి కర్చీఫ్ విసిరి సీటు ఆపుకునే అలవాటు అమెరికా వచ్చినా పోలేదు మహానుభావుడికి. విడ్డూరమేమిటంటే, కాంప్లెక్స్‌లో తెలుగువాళ్ళంతా ఆ కర్చీఫ్‌కి మర్యాద ఇచ్చి తప్పుకుంటున్నారు.

గీతాంజలి దాన్ని తీసి పక్కన పడేసి తన కారుకు ప్లగ్ పెట్టింది. కాఫీ కప్పుతో వచ్చిన జితేందర్ చూసి నవ్వాడు. ఆ నవ్వు ఇంకా మండించింది.

మూడు వారాల కిందటే, వందమంది సంతకాలు పెడితే ఇంకో ఎనిమిది చార్జర్లు వేయిస్తామని మేనేజ్‌మెంట్ మాటిచ్చింది. తొంభైతొమ్మిది ఆమె ఇల్లిల్లూ తిరిగి సంపాదించింది. వందోదాని కోసం జితేందర్ తలుపు మూడుసార్లు తట్టింది. ఒకసారి టీ ఇచ్చాడు. ఒకసారి చదివి చెప్తానన్నాడు. మూడోసారి అర్జీలో కామా తప్పు పట్టాడు.

ఇప్పుడు చార్జర్ దగ్గర ఆ నవ్వు చూసేసరికి ఆమె ఓపిక అయిపోయింది.

"వినండి. ఆ కొత్త చార్జర్లు రాకపోతే నేను లీజ్ రెన్యూ చేయను. నెలాఖరుకి ఇల్లు మారి ఎడిసన్ ఊరికి వెళ్ళిపోతున్నా."

జితేందర్ ముఖంలో నవ్వు ఎగిరిపోయింది.

"వెళ్ళిపోతరా?"

"చార్జింగ్ లేకుండా ఆఫీస్‌కి ఎలా వెళ్ళమంటారు?"

అతను కప్పు ఆమె కారు బానెట్ మీద పెట్టాడు.

"ఎనిమిది వస్తే మీరు నాతోని కొట్లాడనీకి ఎందుకు వస్తరు? వారానికొక్కసారన్న కనబడుతున్నరు కదా అని సంతకం పెట్టబుద్ధి కాలే."

మూడు వారాల కోపాన్ని ఎక్కడ పెట్టుకోవాలో గీతాంజలికి తెలియలేదు. సంతోషం వేసింది. సంతోషం వేసినందుకు మళ్ళీ చిరాకు వేసింది.

"ఈ ఒక్క మాట చెప్పలేక అరవై కార్లని ఎండబెట్టారా?"

అతను ఆమె చాపిన అర్జీ కాగితం, పెన్ను అందుకుని, బానెట్ మీద పెట్టి సంతకం చేశాడు. ఆమె కాగితం మడిచి బ్యాగులో పెట్టుకుని లీజింగ్ ఆఫీసు వైపు నాలుగడుగులు వేసి, ఆగి వెనక్కి చూసింది.

"రండి, ఇద్దరం కలిసి ఇచ్చొద్దాం. నడిచే వెళ్ళాలి, నా కారు చార్జింగ్‌లో ఉంది."